కర్ర కాడ అడిగిన పని

పని నేర్పుతామని భానుని తీసుకెళ్ళారు. నేర్పలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

సోంబరు ఈ మాట అరకు సంతలో చెప్పాడు, జీపులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పాడు, ఊళ్ళో చెప్పాడు. ఎక్కడ చెప్పినా అదే మాట, అంతే పొడుగు. విన్నవాళ్ళు ఎవరైనా “పోనీలే, నెలకింత ఇస్తన్నారు కదా” అంటే లేచి అవతలికి పోయేవాడు. ఇచ్చే సంగతి ఎవడడిగాడు? ఉపాధి పనిలో మట్టి మోసినా ఇస్తారు.

కంగుపుట్టులో సోంబరంటే అందరికీ కాస్త బెరుకే. పెళ్ళాం దేముడమ్మ బతికున్న రోజుల్లోనూ అతను తక్కువ మాటల మనిషే. కాని ఆ తక్కువలో కాస్త నవ్వుండేది. ఆమె జ్వరంతో పోయింది. నవ్వు ఆమెతో పోయింది, తక్కువ మిగిలింది. ఒక్కతే కూతురు భాను. దాన్ని తిట్టడానికి కూడా అతను మాటలు పొదుపుగా వాడేవాడు.

భాను ఇంటర్ పూర్తిచేసిన ఏడు కాలేజీకి ఒక ఆఫీసరు వచ్చాడు. డిగ్రీ ఒక్కటే దారి కాదన్నాడు. అప్రెంటిస్‌గా చేరితే పని చేస్తూ పని నేర్చుకోవచ్చు, నెలనెలా ఎంతో కొంత చేతికొస్తుంది, చివర్లో సర్టిఫికెట్టు ఇస్తారు, చేతిలో పనుంటే ఎక్కడైనా బతకొచ్చు అన్నాడు. తోటి ఆడపిల్లల్లో చాలామంది నర్సింగు అన్నారు. భాను కాఫీ అంది.

“కాఫీయా? మన తోటలో నేదేటి?” అన్నాడు సోంబరు.

“మన తోటలో పళ్ళున్నాయి నానా. కాఫీ నేదు. పళ్ళు కోసి అమ్మేత్తాం. ఆ తరవాత అది ఏటవుద్దో మనకి తెల్దు. ఎండబెట్టడం, గింజ ఏరడం, ఏపడం, రుచి సూడడం, అదంతా ఇంకోలు సేత్తారు. నాను ఆ పని నేర్సుకుంతాను.”

సోంబరుకి అందులో తప్పేమీ కనబడలేదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఇన్నేళ్ళు పళ్ళు కోశాడు గాని కాఫీ ఎలా ఉంటుందో అతనికి తెలీదు. ఎప్పుడూ తాగలేదు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం చోడి అంబలి. ఆ గింజలు ఏ దేశంలో ఎవరి గొంతు దిగుతున్నాయో అతనెప్పుడూ అడగలేదు.

తప్పు కనబడలేదు, నమ్మకమూ కుదరలేదు. నేర్పుతామనేవాళ్ళ సంగతి అతనికి తెలుసు. చిన్నప్పుడు ఊళ్ళో బడికి వెళ్ళాడు. మేష్టారు పొద్దున్న బస్సు దిగి, పిల్లల చేత గెడ్డలోంచి నీళ్ళు మోయించుకుని, కట్టెలు ఏరించుకుని, వండుకు తిని, మధ్యాహ్నం బస్సుకి దిగిపోయేవాడు. ఐదో తరగతి అయ్యేసరికి సోంబరుకి సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు చదవడం, బిందె తొణక్కుండా గట్టెక్కడం వచ్చాయి. మూడోది బాగా వచ్చింది.

అందుకే కూతుర్ని పంపేముందు తనే వెళ్ళి చూశాడు. ఊరు దాటి ఘాటు మలుపు తిరిగితే వరహాలరావు కాఫీ యూనిట్. వరహాలరావు సాలూరు వైపు మనిషి. అక్కడ మేనమామ కొట్లో తూకం నేర్చుకుని, చింతపండు, అడ్డాకులు కొనడానికి కొండెక్కాడు, తర్వాత మిరియాలు కొన్నాడు, ఆ తర్వాత కాఫీలో దిగి షెడ్డూ, మిషనూ, ముందువైపు అద్దాల షాపూ పెట్టాడు. సోంబరుకి ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. గాజు గ్లాసులో కాఫీ తెప్పించాడు.

“సోంబరూ, నీ కూతురు నా కూతురులాంటిదయ్యా. ఏడాది తిరిగేసరికి మేస్త్రిని సేసి నీకు అప్పజెప్తాను, సూడు.”

“మేస్త్రి కానక్కర్నేదు. పని ఒస్తే సాలు.”

“అదేటయ్యా, కాఫీ ముట్టుకోనేదు?”

“అలవాటు నేదు.”

గ్లాసు మీద మీగడ కట్టింది. సోంబరు లేచి వచ్చేశాడు. వానాకాలంలో భాను పనిలో చేరింది.

చలి ముదిరి పళ్ళు ఎరుపెక్కాక, సోంబరు బస్తాలు ఆటోలో వేసుకుని యూనిట్‌కి వెళ్ళాడు. షెడ్డు వెనక బస్తాలు దింపి, కూతుర్ని చూద్దామని ముందువైపుకి వచ్చాడు. అద్దాల షాపు గుమ్మంలో భాను నిలబడి ఉంది. ఇంట్లోంచి చుడీదార్‌లో బయల్దేరిన పిల్ల, ఇక్కడ భుజం మీద ముడేసిన పొట్టి చీరలో ఉంది. దేముడమ్మ కట్టే తీరు. నెత్తిన పువ్వులు. చేతిలో గింజల చాట. విశాఖ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఆమెని మధ్యలో నిలబెట్టి ఫొటో తీసుకుంటోంది. చాట కొంచెం పైకెత్తమని ఎవరో అన్నారు. ఎత్తింది.

సోంబరు ఫొటో అయ్యేదాకా ఆగాడు. తర్వాత నేరుగా వరహాలరావు బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“ఇదేటి?”

“ఏదయ్యా?”

“గుమ్మంలో.”

వరహాలరావు నవ్వాడు. “కస్టమరుతో మాట్లాడ్డం కూడా ట్రైనింగేనయ్యా.”

“మాట్లాడ్డం నేదు. నిలబడతంది.”

“నెమ్మది మీద అన్నీ ఒత్తాయి. ఒక్కసారే మిషను మీదకి ఎక్కించేత్తారా ఎవరైనా?”

ఆ సాయంత్రం భాను ఇంటికి రాగానే సోంబరు పొయ్యి దగ్గర నుంచే అడిగాడు.

“వానాకాలం నుంచి ఏటి సేత్తన్నావు?”

“తుడుత్తన్నాను. కప్పులు కడుగుతన్నాను. పార్టీలొస్తే గుమ్మంలో నిల్చుంతన్నాను.”

“మిషను?”

“ఆ గదిలోకి కప్పులు తేడానికే ఎల్లాలి. శివకుమార్ మేస్త్రి తలుపేసుకుని ఏపుతాడు. సూత్తానండీ అంటే, ‘సూడ్డానికి ఇదేటి సినిమాయేటి’ అంటాడు.”

“సెప్పనేదేల?”

“సెప్తే నువ్వు మానెయ్యమంటావు.”

“మానెయ్.”

“మానను.”

సోంబరు తలెత్తాడు. ఆ గొంతు అతనికి తెలుసు. దేముడమ్మ గొంతు. తోటలో ఏనుగంత బండ ఉంటే అదీ మనదే, మిరియం తీగ దాని మీదకెక్కిద్దాం అని పట్టుబట్టిన గొంతు.

“మానేస్తే ఆలు గెలిసినట్టు నానా. ‘కొండోలు నిలవరు, నాలుగు రోజులు సేసి పోతారు’ అంటారు. నాను ఊరికే రాను. నేర్పి పంపాలి. నేకపోతే తుడుత్తానే ఉంతాను, ఆలు సిగ్గుపడ్డదాకా.”

“ఆలు సిగ్గుపడరు.”

“సూద్దాం.”

సోంబరు అప్రెంటిస్‌లని చేర్చుకునే ఆఫీసుకి కూడా వెళ్ళాడు. అక్కడి గుమస్తా ఫ్యాను కింద కూర్చుని, “సేరినప్పుడు సంతకం పెట్టింది మీరే కదా, జీతం పడతంది కదా, ఇంకేటి?” అన్నాడు. “పని” అన్నాడు సోంబరు. గుమస్తాకి ఆ మాట అర్థం కాలేదు. సోంబరు మళ్ళీ చెప్పలేదు.

చైత్రం వచ్చింది. కాఫీ తోటలన్నీ ఒక్క వానకి తెల్లగా పూశాయి. ఊళ్ళో ఇటుకల పండుగ మొదలైంది.

ఇటుకల పండుగకి మగాళ్ళు వేటకి వెళ్తారు. ఈ రోజుల్లో వేటంటే పేరుకే. విల్లంబులు పట్టుకుని అడివిలో తిరిగి, కల్లు తాగి, పాటలు పాడి వస్తారు. వట్టి చేతుల్తో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. వేటకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్న మగాడు కంటబడితే వాడి గతీ అంతే. మగాళ్ళు లేని ఆ పగళ్ళు ఊరు ఆడవాళ్ళది. వాళ్ళు రోడ్డు మీద వెదురు కర్ర అడ్డం పెడతారు. ఒక కొస ఒకామె, రెండో కొస ఇంకొకామె పట్టుకుంటారు. బస్సు గాని, లారీ గాని, కలెక్టరు కారు గాని, ఆగాలి. వాళ్ళు అడిగింది ఇవ్వాలి. మామూలుగా డబ్బులే అడుగుతారు. లేనివాడు బస్తాలోంచి రెండు ఉల్లిపాయలు తీసిస్తాడు. అదీ లేనివాడు దిగి చిందేస్తాడు. కర్ర దగ్గర ఇస్తానన్నది ఇవ్వకుండా పోయినవాడు ఆ దారిన ఇంకెప్పుడూ సుఖంగా పోలేడు. అది ఒక్క కంగుపుట్టు కట్టుబాటు కాదు, కొండ మీద ఊళ్ళన్నిటిదీ.

ఒకప్పుడు ఆ కర్రకి గెడ్డ వైపు కొస దేముడమ్మది. సోంబరు ప్రతి ఏడూ వేట నుంచి వట్టి చేతుల్తోనే వచ్చేవాడు. మొదటి కుండ అతని నెత్తిన పోసేది కూడా దేముడమ్మే. ఆమె పోయాక అతను వేటకి పోవడం మానేశాడు. పండగ రోజుల్లో తలుపు వేసుకుని లోపలుండేవాడు. ఇంట్లో మగాడున్నాడని ఆడవాళ్ళకి తెలుసు. తెలిసీ ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. అంతవరకు మర్యాద ఇచ్చారు.

ఆ రోజూ అలాగే ఉండవలసింది. కాని ముందురోజు భాను పండక్కి సెలవడిగితే వరహాలరావు ఇవ్వలేదు. రుచి చూసి సరుకు కొనేవాళ్ళు హైదరాబాదు నుంచి వస్తున్నారు, స్టేషన్లో దండ వేసి తీసుకురావాలి అన్నాడు. సోంబరు కిటికీ సందులోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఎండ పైకొచ్చే వేళకి స్టేషన్ వైపు నుంచి యూనిట్ జీపు వచ్చింది. వరహాలరావు నడుపుతున్నాడు. వెనక సీట్లో ఇద్దరు కొత్తవాళ్ళు. ముందు సీట్లో భాను. ఆ ముడి చీర, ఆ పువ్వులు.

ఊళ్ళో ఆడపిల్లలందరూ కర్ర దగ్గర పాడుతున్నారు. ఆ ఊరి ఆడపిల్ల ఒక్కతే కర్రకి అవతల బొమ్మలా కూర్చుంది.

జీపు ఆగింది. వరహాలరావు అద్దం దింపి నోటు బయటికి చాపాడు. ఏటా ఇస్తాడు, ఇందులో అతనికి పేచీ లేదు. కర్రకి కొండ వైపు కొస పట్టుకున్న చిన్నమ్మలు, సోంబరుకి వరసకి వదిన, చెయ్యి చాపబోయింది. రెండో కొస పట్టుకున్న పిల్ల కర్ర ఎత్తబోయింది.

సోంబరు తలుపు తీసుకుని వచ్చి, ఆ పిల్ల చేతిలోంచి కొస లాక్కుని, కిందికి నొక్కి పట్టుకున్నాడు.

పాట ఆగింది. తర్వాత ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

“ఓలమ్మ! మగోడు కర్రట్టుకున్నాడే!”

“ఓరి సోంబరూ,” అంది చిన్నమ్మలు, “ఆడదానివి ఎప్పుడయ్యేవురా? సెప్తే సీర ఎట్టుదును కదా!”

“ఎత్తకండి,” అన్నాడు సోంబరు.

“వేటకి ఎల్లనోడు, ఆడోల కర్ర ముట్టుకున్నాడు! తెండే పేడనీల్లు!”

మొదటి కుండ నెత్తిన పడింది. రెండోది వీపున పడింది. పిల్లలు దోసిళ్ళతో మొహాన కొట్టారు. సోంబరు కళ్ళు మూసుకున్నాడే గాని కర్ర వదల్లేదు. పచ్చటి నీళ్ళు చెవుల వెంట, గడ్డం వెంట కారి చొక్కాలోకి దిగాయి. జీపులో వెనక కూర్చున్న కొనుగోలుదారు, కళ్ళద్దాల ఆవిడ, ఫోను పైకెత్తి, ఎందుకో మళ్ళీ దించేసింది.

“పొయ్యండి,” అన్నాడు సోంబరు. “ఉన్నదంతా పొయ్యండి. కర్ర మాత్రం ఎత్తకండి.”

ఆ మాటకి నవ్వులు తగ్గాయి. చిన్నమ్మలు అతని మొహం చూసింది, జీపులో భానుని చూసింది. చేతికందబోయిన నోటు పట్టుకోకుండా వెనక్కి జరిగింది.

వరహాలరావు దిగాడు. “ఏటయ్యా సోంబరూ, తాగేవా? జీపులో పార్టీలున్నారు. ఏటి కావాలి నీకు?”

సోంబరు నోరు తెరిచాడు.

“నువ్వు అడక్కూడదు,” అంది చిన్నమ్మలు. “కర్ర కాడ మగోడు అడగడం నేదు. పట్టుకుంటే పట్టుకున్నావు, నోరు ముయ్యి.”

సోంబరు నోరు మూశాడు. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. కాని ఈసారి ఆ నవ్వు అతనివైపే ఉంది.

వరహాలరావు వెనక్కి చూశాడు. ఒకపక్క లోయ, ఒకపక్క కొండ, తిప్పుకోడానికి చోటు లేదు. కొనేవాళ్ళ ఎదట గొడవ బాగుండదు. చేతులు జోడించి, నవ్వు తెచ్చుకుని, ఆ రోడ్డు మీద ఇన్నేళ్ళు తిరిగినవాడు అనకూడని మాట అన్నాడు.

“సరే, మీరే అడగండమ్మా. ఏటి అడిగితే అది ఇచ్చేత్తాను. కర్ర బేగి ఎత్తండి.”

ఆడవాళ్ళ నవ్వు ఠక్కున ఆగింది.

“ఏటి అడిగితే అదా?” అంది చిన్నమ్మలు.

“అదే.”

“అందరూ ఇన్నారా?”

“ఇన్నాం!” అన్నారంతా.

“అలగైతే నాను అడగను. మా ఊరి ఆడపిల్లొకర్తి నీ జీపులో కూకుంది. దానికి ఈ ఏడు కర్ర దొరకనేదు. అదే అడుగుద్ది.” చిన్నమ్మలు జీపు వైపు తిరిగి గొంతెత్తింది. “దిగవే, గుంటా!”

భాను చెయ్యి తలుపు పిడి మీద పడింది.

“దిగకు,” అన్నాడు వరహాలరావు తల తిప్పకుండానే. “డ్యూటీలో ఉన్నావు నువ్వు. దిగితే రేపట్నించి రానక్కర్నేదు.”

సోంబరు కర్ర నొక్కి పట్టుకుని కూతుర్ని చూశాడు. మానెయ్యమని తనే అన్నాడు. ఇప్పుడు, ఆ పిడి మీద ఆగిన చెయ్యిని చూస్తుంటే, ఈ పని భాను ఎంతగా కోరుకుందో అతనికి తెలిసింది. దిగితే పోతుంది. దిగకపోతే ఏడాది పొడుగునా గుమ్మంలోనే. దిగమని గాని, వద్దని గాని సైగ చెయ్యలేదు. చెయ్యకూడదనిపించింది.

భాను తలుపు తెరిచింది. పువ్వులు తీసి సీటు మీద పెట్టింది. దిగి వచ్చి, తండ్రి పక్కన, పేడనీళ్ళు కారుతున్న ఆ కొస మీదే చెయ్యి వేసింది.

“వరహాలరావుగారూ, మిషను కాడ నిలబెట్టండి. గుమ్మంలో కాదు. పని ఒచ్చినదాకా నేర్పండి. సంవత్సరం అయిపోయిందని పంపెయ్యకండి.”

“ఇదేటి, కర్ర కాడ ఇలాంటియి అడుగుతారా? డబ్బులడగండి, సీరలడగండి...”

“ఏటి అడిగితే అది అన్నారు,” అంది భాను.

“అన్నాడు, అన్నాడు!” అన్నారు ఆడవాళ్ళు.

వరహాలరావు నవ్వు పోయింది. గొంతు తగ్గించాడు. కాని ఆ రోడ్డు మీద అందరికీ వినబడుతూనే ఉంది. “నేర్పితే ఏటవుతాదో తెల్సా నీకు? నీకు ముందు పనిలో ఉన్న ధనుంజయ్‌కి నేర్పేను. వాడికి చెయ్యి తిరిగింది, వైజాగ్‌లో ఏదో కాఫీ షాపోడు పిలిసేడు, సెప్పా పెట్టకుండా ఎల్లిపోయేడు. నువ్వూ అంతే. నేర్సుకున్నాక ఎల్లిపోతావు.”

భాను అబద్ధం చెప్పొచ్చు. వెళ్ళనండి, ఇక్కడే పడుంటానండి అనొచ్చు.

“ఎల్తానేమో. మీరు మాత్రం సాలూరులో మీ మావ కొట్లో తూకం నేర్సుకుని ఇక్కడికి రానేదేటి? ఆయన మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి ఉంటే మీకీ యూనిట్ ఎక్కడిది?”

చిన్నమ్మలు పకపకా నవ్వింది. “ఓలమ్మ, దేముడమ్మ కూతురే ఇది!”

కళ్ళద్దాల ఆవిడ తల బయటికి పెట్టింది. “వరహాలరావుగారూ, ఈ అమ్మాయి మీ దగ్గర రోస్టింగ్ నేర్చుకుంటోందని స్టేషన్లో చెప్పారు కదా?”

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. వరహాలరావు చుట్టూ చూశాడు. వచ్చే చలికాలంలో తన షెడ్డుకి పళ్ళు తేవలసిన ఇళ్ళ ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

“సరే. రేపట్నించి.”

“రేపు కాదండి,” అంది భాను. “శాంపులు ఈ రోజే ఏపుతారు.”

“సరే! ఈ రోజే!”

“కర్ర ముట్టి సెప్పు,” అంది చిన్నమ్మలు.

వరహాలరావు చుట్టూ చూసి, చెయ్యి చాపి, తడి తగలని చోటు వెతికి వెదురుని ముట్టుకున్నాడు. “ముట్టేను. నేర్పుతాను. ఎత్తండి.”

చిన్నమ్మలు తన కొస ఎత్తింది. సోంబరు ఎత్తలేదు. అతని వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. భానే ఆ కొస పట్టుకుని పైకెత్తింది.

“మీరు పదండి, ఎనకాలే ఒత్తాను. బట్టలు మార్సుకోవాలి,” అంది వరహాలరావుతో. “మిషను కాడ ఈ సీర పనికిరాదు.”

తన పాత చుడీదార్ వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, ఘాటు మలుపు దాకా నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. సోంబరు గెడ్డలో దిగి కూర్చున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వాసన పోలేదు.

మగాళ్ళు సాయంత్రం వచ్చారు. ఎప్పటిలాగే వట్టి చేతులు. వాళ్ళ మీద పొయ్యడానికి పేడనీళ్ళు చాల్లేదు, సోంబరు మీదే అయిపోయాయి. ఆ సంగతి చెప్పుకుని ఊరు ఊరంతా నవ్వింది. కల్లు దగ్గర ఎవడో “కర్రొదినా, ఇటు రా!” అని పిలిచాడు. సోంబరు వాడివైపు చూశాడు. వాడు ముంత కింద పెట్టి లేచి పోయాడు.

భాను మొదటి రోజే మాడ్చేసింది. గింజ చిటపటమన్నప్పుడు చెవిపెట్టి వినాలని శివకుమార్ మేస్త్రి ఒక్కసారి చెప్పాడు, వీపు తిప్పుకుని చెప్పాడు. మిషను రొదలో ఆ చప్పుడు ఆమెకి దొరకలేదు. మిషను తలుపు తీసేసరికి గింజలు నల్లగా, నూనె కక్కుతూ వచ్చాయి. వరహాలరావు నెత్తి కొట్టుకున్నాడు. “సూసేవా? అందుకే ముట్టుకోనివ్వనిది!” అన్నాడు. భాను ఆ మాడిన గింజలు ఎత్తి పక్కన పెట్టి, “ఇంకోసారి ఏపుతానండి” అంది. రెండోసారి పచ్చిగా తీసింది. “ఇంకోసారి” అంది. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ పిల్ల నోట ఆ ఒక్క మాటే. శివకుమార్ మేస్త్రి విసుక్కుని విసుక్కుని, విసుగులోనే ఒకరోజు పక్కకి జరిగి చోటిచ్చాడు.

వానలు వెళ్ళాయి. తోటలో పళ్ళు మళ్ళీ ఎరుపెక్కాయి. ఆ ఏడు సోంబరు తన బస్తాలు వరహాలరావు షెడ్డులో దింపలేదు. డుంబ్రిగుడ వైపు ఇంకో కొనేవాడికి, ఆటో ఖర్చు ఎక్కువైనా, అక్కడికే పంపాడు.

వరహాలరావు ఇంటికి వచ్చాడు. మిఠాయి పొట్లం తెచ్చాడు. గుమ్మం ముందు నిలబడ్డాడు. సోంబరు కుర్చీ వెయ్యలేదు. ఇంట్లో కుర్చీ లేదు. ఉన్నా వేసేవాడు కాదు.

“నేర్పుతున్నాను కదయ్యా. మీ గుంట ఇప్పుడు ఒక్కర్తే ఏపుతోంది. నువ్వేమో పళ్ళు ఇంకోడికి ఇస్తన్నావు. మనసులో ఎట్టుకోకు.”

“నేర్పుతానని ఒకసారి కుర్చీలో కూసోబెట్టి సెప్పేవు,” అన్నాడు సోంబరు. “రెండోసారి కర్ర ముట్టి సెప్పేవు. మొదటి మాటే నిలబెట్టుకునుంటే రెండోది అక్కర్నేదు.”

“అయిపోయిందానికి...”

“నీకు అయిపోయింది.”

వరహాలరావు పొట్లం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. సోంబరు దాన్ని వీధిలో ఆడుకుంటున్న పిల్లలకి ఇచ్చేశాడు. తను ఒక్కటి కూడా నోట పెట్టలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం భాను డబ్బా పట్టుకుని వచ్చింది. తను ఒక్కతే, ఎవరూ పక్కన లేకుండా, వేపిన గింజలు. రోట్లో దంచింది. నీళ్ళు మరిగించి, గుడ్డలో వడగట్టి, గ్లాసులో పోసి తండ్రి ముందు పెట్టింది. పాలు లేవు, బెల్లం లేదు.

సోంబరు గ్లాసు ఎత్తి వాసన చూశాడు. తాగాడు.

“సేదు,” అన్నాడు.

“సేదే ఉంటాది నానా. మన తోట గింజే. నువ్వు పోయినేడు ఇచ్చిన బస్తాలయ్యి.”

అతను ఇంకో గుక్క తాగాడు. ఇన్నేళ్ళు కోసి, మోసి, అమ్మినది ఇది. నాలిక మీద చేదు తగ్గాక అడుగున ఇంకేదో ఉంది. దాని పేరు అతనికి తెలీదు. భానుకి తెలిసే ఉంటుంది. అడగలేదు. చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

భాను మోకాళ్ళు ముడుచుకుని పొయ్యి ముందు కూర్చుంది. మంట వంకే చూస్తూ నెమ్మదిగా అంది.

“ఆ రోజు అమ్ముంటే, మొదటి కుండ అమ్మే పోసేది కదా నానా, నీ మీద?”

దేముడమ్మ పట్టే కొసే ఆ రోజు అతను పట్టుకున్నది. సోంబరు మొహం తిప్పుకున్నాడు.

“ఆ రోజు మాట ఎత్తకు.”

“ఒక్కటి అడుగుతాను నానా. నాను దిగకపోతే...”

“ఎత్తకన్నాను. ఇయ్యాలే కాదు. ఇంకెప్పుడూ. నానూ ఎత్తను.”

భాను లేచింది. గ్లాసు కడిగి బోర్లించింది.

అతను అన్నంత పనీ చేశాడు. తర్వాతి చైత్రంలో చిన్నమ్మలు తలుపు బయట నిలబడి, కర్ర పట్టడానికి రారా మరిదీ అని కేకేసి నవ్వింది. తలుపు తెరుచుకోలేదు. సంతలో అడిగినవాళ్ళకీ చెప్పలేదు, జీపులో పక్కన కూర్చున్నవాళ్ళకీ చెప్పలేదు. ఆ రోజు గురించి సోంబరు నోట ఇంక మాట రాలేదు.